మణికట్టు మీది లెక్క

బెల్లంపల్లి నుంచి సముద్రం ఎటు పోయినా మూడు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. అయినా ఈ ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద ఆదివారం పొద్దంతా సముద్రం గురించే గొడవ నడిచింది. మామ శాంతిఖని బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి, షిఫ్టు సైరన్‌తో లేచి సైరన్‌తో పడుకున్న తరం. కోడలంటే ఆయన చెల్లెలి బిడ్డ. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రుషికొండ తీరంలో స్కూబా నేర్చుకుంది. ఇప్పుడు పై కోర్సుకు పోతూ డైవ్ కంప్యూటర్ కొంటానంటోంది. ముప్పై వేల దాకా అవుతుందన్న మాట మామ చెవిన పడింది. ఇద్దరికీ కావలసినవాణ్ని కదా అని నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాస్తున్నాను. ఉండబట్టలేని చోట నా మాట కలిపాను.

మామ: ముప్పై వేలు పెట్టి గడియారం కొంటవా బిడ్డా? నా హెచ్ఎంటీ చూడు. కీ ఇస్తే నడుస్తది, ఇయ్యకుంటే ఆగుతది. ఇన్నేండ్లల్ల నాకు ఒక్క అబద్ధం చెప్పలే.

కోడలు: అది గడియారం కాదు మామా. నీళ్లల్ల ఎంత లోతున ఉన్న, ఎంతసేపటి సంది ఉన్న, ఇంకెంతసేపు ఉండొచ్చు, పైకి ఎంత జల్ది వస్తున్న, గివన్నీ చెప్తది.

మామ: ఇంకెంతసేపు ఉండొచ్చో అది చెప్పుడేంది? సిలిండర్ల గాలి అయిపోవస్తుంటే పైకి రావాలె. దానికి సిలిండర్ మీటరు చాలదా?

కోడలు: అందరు గట్లనే అనుకుంటరు. గాలి ఉన్నా రావాల్సిందే. నీళ్లల్ల పది మీటర్లు దిగితే ఇంకో వాతావరణమంత ఒత్తిడి మీద పడ్తది. ముప్పై మీటర్ల కాడ పైనున్న దానికి నాలుగింతలు. అక్కడ పీల్చే గాలి కూడా నాలుగింతల ఒత్తిడి మీదనే వస్తది కాబట్టి నత్రజని అదే లెక్కన రక్తంల, కొవ్వుల, కీళ్లల్ల కరుగుతది. మెల్లగ పైకొస్తే ఊపిరితోని బయటకు పోతది. ఉరికొస్తే గోళీ సోడా కొట్టినట్టే. బుడగలు కీళ్లల్ల చేరితే నొప్పి, వెన్నుపాముల చేరితే కాళ్లు పడిపోతయ్.

మామ: మరి మేం బాయిల దిగినంక గట్ల కాలే కదా? జీవితమంత దిగుడు, ఎక్కుడే.

కోడలు: గాలి బరువెంత, నీళ్ల బరువెంత మామా! బాయిల మూడు వందల మీటర్లు దిగినా ఒత్తిడి నూటికి నాలుగు వంతులు కూడా పెరగదు. నీళ్లల్ల పది మీటర్లకే రెట్టింపు.

మామ జీవితమంతా లోతు గురించి మాట్లాడిన మనిషి. పది మీటర్ల నీళ్లు తన బాయి మొత్తాన్ని మించిపోతాయని మేనకోడలు చెబితే మింగుడుపడటానికి కొంత సమయం పట్టింది. ఆ లోపు టీ వచ్చింది.

మామ: సరే. కంప్యూటర్లు రాకముందు మునిగేటోళ్లు లేకుండెనా?

కోడలు: ఎందుకు లేకుండె? చేతికి వాచీ, పక్కకు లోతు మీటరు, ప్లాస్టిక్ పలక మీద ఏ లోతుల ఎంతసేపు ఉండొచ్చో రాసిన పట్టిక. 1953 ప్రాంతంల బ్లాంక్‌పాన్, రోలెక్స్ కంపెనీలు చుట్టూ తిరిగే వలయమున్న వాచీలు తెచ్చినయి. బ్లాంక్‌పాన్‌ది ఫ్రెంచి నేవీల యుద్ధ ఈతగాళ్ల అక్కర కోసం తయారైంది. జపాన్ సీకో 1965ల మొదలుపెట్టింది. ఇదిగో, నా చేతికున్నది సీకోనే, సెకండ్‌హ్యాండ్‌ల కొన్న.

వాచీ తీసి ఇచ్చింది. నేనూ చేతిలోకి తీసుకుని చూశాను. బరువుగా ఉంది. అద్దం చుట్టూ పళ్లున్న ఉక్కు వలయం, దాని మీద పన్నెండు గంటల చోట మెరిసే చుక్క. నీళ్లలోకి దిగేటప్పుడు ఆ చుక్కను నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పి పెడతారు. ఆ తర్వాత ముల్లు వలయం మీద ఏ అంకె దగ్గరుంటే దిగి అన్ని నిమిషాలైనట్టు, కూడికలు తీసివేతలు అక్కర్లేదు. మామ వలయాన్ని ఎడమకు తిప్పాడు, టిక్కు టిక్కుమని తిరిగింది. కుడికి తిప్పబోయాడు, కదలలేదు.

మామ: పాడైందా?

కోడలు: పాడు కాలే. ఒక్క దిక్కే తిరుగుతది. లోపల రాయికో తాడుకో తగిలి తిరిగినా, దిగి ఎక్కువసేపైనట్టే చూపెడ్తది గని తక్కువ చూపెట్టది. అప్పుడు ముందుగాలనే పైకొస్తం. ఆలస్యమైతే కదా పాణం మీదికొచ్చేది?

మామ: (వాచీని ఇంకోసారి తిప్పి) చేసినోడు బాయిల పనిచేసినోడే అయ్యుండాలె. పొరపాటైనా భయం దిక్కే ఒరుగుతది, ధైర్యం దిక్కు ఒరగది.

రబ్బరు పట్టీ మీద అలల్లాంటి ముడతలు ఎందుకని నేనడిగాను. లోతుకు పోయేకొద్దీ ఒంటి మీది వెట్‌సూటు ఒత్తిడికి పలచబడుతుందట. పైన బిగించి కట్టుకున్న పట్టీ కింద వదులైపోతుంది. సాగిన ఆ ముడతలు అప్పుడు లోపలికి ముడుచుకుని వాచీని చేతికి పట్టుకుని ఉంటాయి. హైదరాబాదు మాల్స్‌లో ఇలాంటి వాచీలు కట్టుకుని తిరిగేవాళ్లు బోలెడంతమంది, వాళ్లలో సముద్రంలో తల ముంచినవాళ్లు ఎంతమందో! మామూలు వాచీ వెనక ‘30 మీటర్లు’ అని రాసి ఉంటే చేతులు కడుక్కునేటప్పుడు నీళ్లు పడ్డా ఫరవాలేదనే దాని అర్థం. డైవింగ్ వాచీ అనిపించుకోవాలంటే ఐఎస్ఓ 6425 ప్రమాణం ప్రకారం కనీసం 100 మీటర్లకు తట్టుకోవాలి, కటిక చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం కనిపించాలి, నడుస్తోందో ఆగిందో కూడా ఆ చీకట్లోనే తెలియాలి.

మామ: గింత మంచిది చేతికుండంగ ఇంకో ముప్పై వేలు ఎందుకే? పట్టిక నేర్చుకో, ఇది కట్టుకో.

కోడలు: పట్టిక నేర్చుకున్న మామా. పద్దెనిమిది మీటర్ల లోతుకు అమెరికా నేవీ పాత పట్టిక అరవై నిమిషాలు ఇస్తుండె. డైవింగ్ నేర్పే ప్యాడీ సంస్థ పట్టికల 56. ముప్పై మీటర్లకు పోతే ప్యాడీ ఇచ్చేది 20 నిమిషాలే. అయితే నేను ముప్పై మీటర్ల కాడ రెండు నిమిషాలుండి, పైకొచ్చి పన్నెండు మీటర్ల కాడ అర్ధగంట తిరిగిన అనుకో. పట్టికకు అదేం తెల్వదు. మొత్తం సేపు ముప్పై మీటర్లనే కూసున్నట్టు లెక్క కడ్తది. కంప్యూటరు సెకన్ల లెక్కన ఒత్తిడి చూసుకుంట, నేను నిజంగ ఎక్కడున్ననో దాన్ని బట్టి లెక్క మారుస్తది.

మామ: అది లాభమా, నష్టమా?

కోడలు: లాభమే. ఎక్కువసేపు ఉండొచ్చు కదా.

మామ: గదే నేనంటున్న. పట్టిక లోతు ఎక్కువేసి సమయం తక్కువిస్తున్నది. మధ్యల మిగిలింది నీ ఒంటికి జమ అయితున్నది. నీ కంప్యూటరు ఆ మిగులు కూడా లెక్కగట్టి ఖర్చు పెట్టుకో అంటున్నది. కప్పుకు పది దిమ్మెలు పెట్టే కాడ ‘లెక్క ప్రకారం ఏడు చాలు’ అన్నోణ్ని నేను మస్తు చూసిన. లెక్క ఎప్పుడు తప్పకపోయేది. కప్పే తప్పేది.

ఇది ఊరకే తీసిపారేసే మాట కాదు. డైవింగ్ లోకంలో కంప్యూటర్లు వచ్చిన కొత్తలో పాతవాళ్లు పెట్టిన పేచీ సరిగ్గా ఇదే. మామకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. దిమ్మెల లెక్క మీంచి తనంతట తాను అక్కడికి చేరాడు.

కోడలు: మిగులు ఉంచుకోవాలంటే కంప్యూటర్ల కూడా ఉంచుకోవచ్చు, భయస్తుని లెక్కకు పెట్టుకునే ఏర్పాటున్నది. నువ్వు పట్టికను తప్పు చదివేటోని సంగతి చెప్పు! చల్లటి నీళ్లల్ల, మసక వెలుతుర్ల, చిన్న చిన్న అంకెలు. దిగేటప్పుడు వలయం తిప్పుడు మరిచిపోతే? పద్దెనిమిది అనుకుని చేప ఎన్క ఇరవై రెండుకు పోతే? పైకి వచ్చేటప్పుడు నిమిషానికి తొమ్మిది మీటర్లు మించొద్దంటరు. వాచీల ఒక కన్ను, లోతు మీటర్ల ఒక కన్ను పెట్టి భాగారం ఎవడు చేస్తడు? కంప్యూటరు కూత పెడ్తది. ఐదు మీటర్ల కాడ మూడు నిమిషాలు ఆగు అని అదే లెక్కపెడ్తది.

మామ: కూత పెడ్తదా? బాయిల కూడా అంతే. కూత పెట్టే మిషన్ వచ్చినంక చూసేటోడు చూసుడు బంద్ చేసిండు. అయినా ఆ లెక్క ఎవని ఒంటి మీద కట్టింది? నీ మీద కట్టలే కదా?

కోడలు: మేకల మీద.

మామ: మేకలా?

మామ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కానీ ఆమె చెప్పింది నిజం, పైగా ఆ కథ బెల్లంపల్లికి పరాయిది కాదు.

కోడలు: జాన్ స్కాట్ హాల్డేన్ అని స్కాట్లండు శాస్త్రవేత్త. నీళ్లల్లకు దిగిన నేవీ మనుషులు చచ్చిపోతున్నరని ఆయనకు పని అప్పగించిన్రు. మేకలను ఒత్తిడి గదిల పెట్టి, ఎంత జల్ది బయటకు తీస్తే కాళ్లు వంకర్లు పోతున్నయో చూసిండు. ఆయనకు తెలిసిందేందంటే, ఒత్తిడి సగానికి తగ్గిందాక ఒళ్లు ఓర్చుకుంటది. కాబట్టి ఒక్కసారి పైకి రావద్దు, మెట్టు మెట్టున ఆగుకుంట రావాలె. ఒళ్లంత ఒక్క తీరుగ నత్రజని పట్టదు, రక్తం జల్ది పడ్తది, కొవ్వు ఆలస్యంగ పడ్తది అని ఒంటిని ఐదు భాగాలు చేసి లెక్క కట్టిండు. 1908ల అచ్చయింది. అప్పటి సంది వచ్చిన పట్టికల్ల చానావాటికి అదే మూలం. జ్యూరిక్‌ల బూల్మన్ అనే డాక్టరు ఆ ఐదును పదహారు చేసిండు. ఇప్పుడు చానా కంప్యూటర్ల లోపల నడిచేది ఆయన లెక్కనే. అలాంటి పెట్టెలు చేతికి కట్టుకునే సైజుకొచ్చి బజార్ల దొరికింది 1983 తర్వాతనే.

మామ: మేకకు కాళ్లు నాలుగు, నీకు రెండు. సరే, నడవనీ.

కోడలు: అసలు సంగతి విను. ఆ హాల్డేన్ అంతకుముందు ఏం చేసిండో ఎరుకనా? బొగ్గుబాయిలల్ల పేలుళ్లయినప్పుడు మనుషులు దేంతోని చస్తున్నరో చూసిండు. దెబ్బల కంటె, కాలుడు కంటె కార్బన్ మోనాక్సైడ్ తోనే ఎక్కువ చస్తున్నరని 1896ల తేల్చిండు. బాయిలకు చిన్న పిట్టలను తీస్కపోండ్రి, మనకంటె ముందుగాల్ల అవి పడిపోతయ్ అని చెప్పింది ఆయననే.

మామ: పిట్ట సంగతి మా ట్రైనింగుల చెప్పిన్రు. పేరు చెప్పలే.

కోడలు: కొడుకు జేబీఎస్ హాల్డేన్. చిన్నప్పుడు తండ్రి ఆయన్ను బాయిలకు తీస్కపోయి, కప్పు కింద నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంల మాటలు గట్టిగ చదువుమన్నడట. చదువుకుంట చదువుకుంట పిలగాడు పడిపోయిండు. నేల మీద పడంగనే తెలివొచ్చింది.

మామ: వస్తది మరి. మీథేన్ తేలిక, కప్పు కాడ జమైతది. కింద గాలి మంచిగుంటది. అయినా కన్నకొడుకుతోని గట్ల చేస్తడా?

కోడలు: పదమూడేండ్లప్పుడు డైవింగ్ సూటు తొడిగి సముద్రంల కూడా దింపిండు. ఆ సూటు పిలగానికి వదులు, లోపటికి నీళ్లొచ్చినయట. ఆ జేబీఎస్ పెద్ద శాస్త్రవేత్త అయిండు, 1957ల మన దేశం వచ్చిండు, ఇక్కడి పౌరుడైండు. 1964ల భువనేశ్వర్‌ల చనిపోతే, ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చిన్రు.

మామ: మన కాకినాడకా?

కోడలు: మన కాకినాడకే. మీ బాయి గాలి లెక్క, మా నీళ్ల లెక్క ఒక్క ఇంట్లనే పుట్టినయి మామా. ఇగ నీకూ నాకూ పంచాయితీ ఏంది?

ఇక్కడితో రాజీ అనుకున్నాను. మామ సంగతి తెలిసీ అలా అనుకోకూడదు.

మామ: పంచాయితీ ఉన్నది. మా కాడ ఎన్కట చమురు దీపం ఉండె. వత్తి తగ్గించి కప్పు దాక లేపితే, మంట మీద నీలం క్యాపు ఎంత ఎత్తు లేస్తదో దాన్ని బట్టి గ్యాసు ఎంతుందో చెప్తుంటిమి. ఒకటింబావు శాతం అయిందంటే కరెంటు బంద్ చెయ్యాలె. అదే దీపం నేల దాక దింపితే, మంట చిన్నగై ఆరిపోతే, బొగ్గుపులుసు గాలి ఉన్నది, ఆక్సిజన్ తక్కువున్నది, బయటికి నడువు అని. దాన్ని ఒకటడిగితే రెండు చెప్పేది. తర్వాత మీథనో మీటరు వచ్చింది. అంకె చూపెడ్తది, ఆ అంకె దీపం కంటె ఖరారు. నేను కాదన. గని దాన్ని మీథేన్ అడిగితే మీథేనే చెప్తది. ఆక్సిజన్ లేక కండ్లు తిరుగుతున్నా ‘సున్నా’ అనే చూపెడ్తది. సున్నా చూసి ధైర్యంగ లోపలికి పోయేటోణ్ని ఎట్ల ఆపుతవ్? నీ కంప్యూటరు కూడా అసొంటిదే. అది చూసేది ఏంది?

కోడలు: ఒత్తిడి, సమయం. కొన్ని సిలిండర్ గాలి కూడా చూస్తయ్.

మామ: రాత్రి నిద్ర లేకపోతే దానికెరుకనా? నీళ్లు తాగక నాలుక పిడచకట్టుకపోతే? సలికి వణుకుతుంటే? నాలెక్క అరవై దాటినోడైతే? రాత్రి మందు కొట్టినోడైతే?

కోడలు: తెల్వదు.

మామ: మరి ‘ఇంకో పన్నెండు నిమిషాలు’ అని గంత ధైర్యంగ ఎట్ల చెప్తది?

కోడలు: నీ గడియారానికి తెలుసా మామా అవన్నీ? దానికి లోతు కూడా తెల్వదు. సమయమొక్కటే తెలుసు. పట్టిక రాసినోనికి నా పేరు కూడా తెల్వదు. నాకు తెలిసింది దానికి తెల్వదని కంప్యూటర్‌ను బయట పడేస్తే, ఏమీ తెల్వని దాన్ని చేతికి కట్టుకున్నట్టు కాదా?

నా లెక్కలో ఆ పొద్దు మొత్తంలో ఇదే గట్టి జవాబు. మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత దారి మార్చాడు, కొత్త ఉదాహరణ పట్టుకొచ్చాడు.

మామ: కచ్చులూరు యాదికున్నదా? 2019 సెప్టెంబర్ 15, గోదాట్ల బోటు మునిగింది. నేవీ వచ్చింది, సోనార్ మిషన్లు వచ్చినయి. ఆఖరికి బయటికి గుంజింది ఎవరు? కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం, తాళ్లు, లంగర్లు. అక్టోబర్ 22న తీసిండు. ఆయన చేతికి ఏ కంప్యూటరున్నది?

కోడలు: ఆయన చేసింది గొప్ప పనే, ఎవరు కాదంటరు? గని ఒడ్డు మీద నిలబడి పడవను గుంజుడు వేరు, మనిషి లోతుకు దిగి తిరిగి వచ్చుడు వేరు. అక్కడ కూడా కడకు విశాఖపట్నం నుంచి వచ్చిన డైవర్లు దిగాల్సొచ్చింది. ఎల్లువ గోదాట్ల, ఏమీ కనపడని నీళ్లల్ల. ఆ దిగినోని చేతికి ఏముండాలంటవ్? తాడా?

మామ: నేను తాడన్ననా? అనుభవం అన్న.

కోడలు: అనుభవం ఉన్నోడే రెండూ తీస్కపోతడు. ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలిన కాడ, 2025 ఫిబ్రవరిల, మన సింగరేణి రెస్క్యూ వాళ్లు, నేవీ వాళ్లు ఒక్క బురదలనే పనిచేసిన్రు కదా. మీవాళ్ల మెడకు గ్యాస్ మీటర్లు లేకుండెనా?

దానికి మామ ఏమీ అనలేదు. సింగరేణి రెస్క్యూ పేరెత్తితే ఆయన ఎదురు మాట్లాడడు.

కోడలే మళ్లీ అందుకుంది, ఈసారి తన మీదికే వచ్చే మాటతో. కోర్సు చేసేటప్పుడు ఒక సెంటర్‌లో ఆమెకు అద్దె కంప్యూటర్ ఇచ్చారట. నీళ్లలోకి దిగకముందే అందులో అనుమతించిన సమయం బాగా తక్కువ చూపిస్తోంది. ఎందుకని నొక్కి చూస్తే, అదే పొద్దున ఇంకెవరో దాన్ని కట్టుకుని రెండుసార్లు మునిగారు. వాళ్ల ఒంట్లోని నత్రజని లెక్క ఇంకా అందులోనే ఉంది. అంటే ఆ పెట్టె ఆమెను వేరే మనిషి అనుకుంటోంది.

మామ: చూసినవా! మనుషులనే గుర్తుపట్టదు.

కోడలు: అది తిట్టాల్సింది పెట్టెను కాదు మామా, ఇచ్చినోణ్ని. నాకు నష్టమేం కాలే, భయం దిక్కే తప్పింది. తిరగేసి ఆలోచించు. పొద్దున రెండుసార్లు మునిగిన నాకు, ఎవరూ వాడని కంప్యూటర్ ఇచ్చుంటే? ‘నువ్వు ఇప్పుడే ఇంటికాడి నుంచి వచ్చినవ్, నిమ్మళంగ ఉండు’ అనేది. అందుకే నాది నాకుండాలంటున్న. ముప్పై వేలు గందుకు.

మామ: బ్యాటరీ అయిపోతే?

కోడలు: లోపల ఆగిపోతే పైకి రావాలె, తర్వాత ఒక రోజంత మునగొద్దంటరు. పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల కాడ మూడు నిమిషాలు లెక్కపెట్టడానికి...

మామ: చెప్పు, చెప్పు. దేంతోని లెక్కపెడ్తవ్?

కోడలు: (నవ్వి) ఇంకో చేతికి ఈ సీకో ఉంటది.

మామ వాచీని చూపుడువేలితో తట్టి ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఇది గెలుపు కిందికి వస్తుందో రాదో నేను తేల్చను. కానీ డబ్బు సంగతి మాత్రం అక్కడే తేలిపోయింది. సగం తాను ఇస్తానన్నాడు, షరతుతో. కంప్యూటర్ ఇచ్చే సమయం చూసే ముందు పట్టికలో తను చూసుకుని ఒక అంకె అనుకోవాలట. రెండూ మరీ దూరంగా ఉంటే దిగకూడదట. బాయిలో మీటరు చూసే ముందు ముక్కుతో, చెవితో ఒక అంచనాకు రావాలని ఆయన కొత్త కుర్రాళ్లకు చెప్పేవాడట. కప్పు కూలే ముందు చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు ఏ మీటరూ చూపదు.

నన్ను పెద్దమనిషిగా పిలిచినందుకు తీర్పు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కోడలిదే న్యాయం. మనిషి నీళ్లలో గీత గీసినట్టు తిరగడు. చేపనో రాతి గుహనో చూసి పైకీ కిందికీ పోతాడు. అలాంటి ప్రయాణానికి లెక్క కట్టగలిగింది ఒత్తిడిని క్షణక్షణం చూస్తూ ఉండే పరికరమే, చేతి వాచీకి ఆ పని చేతకాదు. గార్మిన్, ఆపిల్ లాంటివి ఇప్పుడు రెండింటినీ ఒకటే వాచీలో కలిపేస్తున్నాయి. సిటిజన్ 1985లోనే లోతు చూపే వాచీ తెచ్చింది. ఈ గొడవ పాతబడే రోజు దగ్గర్లోనే ఉంది. ఇక మామ మిగులు మాట. కంప్యూటర్ ఇచ్చిన ఆఖరి నిమిషం దాకా ఉండడం దాని తప్పు కాదు, మన ఆశ. అక్కడ మాత్రం మామ చెప్పినట్టు వినాలి.

లోతు ఇంకా పెరిగితే ఈ వాదం మొత్తం వేరే దారి పడుతుంది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జూలై 18న నేవీలో చేరింది. 300 మీటర్ల దాకా దిగే డైవర్లకు అండగా ఉండటం దాని పని. ఆ డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి గదిలోనే తిని, అక్కడే పడుకుంటారు. వాళ్ల లెక్క ఓడ మీద బృందం కడుతుంది, వాళ్ల మణికట్టు మీద ఏముందన్నది అంత పెద్ద విషయం కాదు. మన కోడలి సముద్రం అది కాదు.

మన కోడలి సముద్రం రుషికొండ. సెలవుకు అక్కడికి పోయి సరదాగా ఒక్కసారి మునిగి వద్దామనుకునే బెల్లంపల్లి, మంచిర్యాల, కరీంనగర్ పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లకో మాట. మునిగిన తర్వాత ఒంట్లో మిగిలిన నత్రజని గంటల తరబడి బయటికి పోతూనే ఉంటుంది, ఆ లోపు ఎత్తుకు పోతే గాలి ఒత్తిడి తగ్గి బుడగలు మళ్లీ మొదలవుతాయి. పొద్దున రుషికొండలో మునిగి మధ్యాహ్నం అరకు ఎక్కే కార్యక్రమం పెట్టుకోకండి, అరకు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. ముందు అరకు చూసుకుని ఆఖర్న సముద్రానికి రండి. సాయంత్రం విమానంలో హైదరాబాద్ తిరిగి రావాలనుకుంటే మానుకోండి. ఒక్కసారే మునిగితే కనీసం 12 గంటలు, రెండు మూడు సార్లు మునిగితే కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వాళ్లు పాటించే నియమం. రైలు అయితే ఆ బెంగ లేదు. అద్దెకు కంప్యూటర్ తీసుకుంటే, పొద్దున దాన్ని ఎవరు కట్టుకున్నారో తప్పకుండా అడగండి.